చివరి రోజుల్లో ఉన్న పెద్దవాళ్ళతో దూరాన ఉన్న పిల్లలు మాట్లాడే కిట్: డిజైన్‌లో ఏం తప్పు చేస్తున్నాం?

తీగబల్బు (ప్రశ్న)

ఇంటికే వెళ్ళి పాలియేటివ్ సేవ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవ) చేసే ఒక చిన్న బృందం కోసం కిట్ తయారవుతోంది. అందులో పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, దానికో స్టాండు, బ్లూటూత్ స్పీకరు, రోగి చేతి కింద పెట్టే పెద్ద బటన్ ఉంటాయి. నర్సు దాన్ని తీసుకెళ్ళి అవసరమైనన్ని రోజులు ఆ ఇంట్లోనే ఉంచి వస్తుంది. రోగుల్లో ఎక్కువమంది క్యాన్సర్ చివరి దశవాళ్ళు, కొందరు మోటార్ న్యూరాన్ జబ్బువాళ్ళు (కండరాలు క్రమంగా చచ్చుబడి చేతులు, మాట పోయే జబ్బు). కొడుకు డాలస్‌లో, కూతురు దుబాయ్‌లో, చూసుకునే కోడలో చెల్లెలో ఇక్కడ. మామూలుగా కనిపించే ఇల్లు ఇదీ.

ఇప్పటి డిజైన్‌లో బటన్ నొక్కితే నేరుగా వాట్సాప్ వీడియో కాల్ వెళ్తుంది. మెనూలో "మీ వీడ్కోలు సందేశం రికార్డు చేయండి" అని ఒక ఆప్షన్ ఉంది. మాట రానివాళ్ళకి తెరమీద తెలుగు కీబోర్డు. మొదటి మూడు ఇళ్ళలో ఆ ఆప్షన్ ఎవరూ ముట్టుకోలేదు, కీబోర్డుతో ఒక్క మాట కూడా పూర్తి కాలేదు. వీడియో నాణ్యత పెంచితే వాడతారా, లేక సమస్య ఇంకెక్కడైనా ఉందా? ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పడకపక్కన

సమస్య వీడియోలో లేదండి, ఆ ఆప్షన్ పేరులో ఉంది. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అంటే "వెళ్ళొస్తాను అనాలి" అని సరిదిద్దే ఇళ్ళు మనవి. అలాంటి ఇంట్లో మంచం పక్కన తెరమీద "వీడ్కోలు" అని రాస్తే దాన్ని ఎవరు నొక్కుతారు? పైగా చాలా ఇళ్ళలో జబ్బు ఏ దశలో ఉందో రోగికి చెప్పరు. పెద్దాయనకి తెలియదని పిల్లలు అనుకుంటారు. ఆయనకి తెలుసు, కానీ పిల్లలకోసం తెలియనట్టు ఉంటాడు. మీ తెర ఆ ఇద్దరి మధ్య నిజాన్ని బయటపెట్టేస్తుంది. డబ్బా మీద అతికించిన "పాలియేటివ్" స్టిక్కరూ అదే పని చేస్తుంది, ముందు దాన్ని పీకేయండి.

మెనూ పేర్లు మనిషి పేరుతోనో పని పేరుతోనో ఉండాలి. "చిన్నోడికి ఒక మాట", "అమ్మాయికి చెప్పాలనుకున్నది", "ఆవకాయ కొలతలు", "పొలం గట్టు సంగతి", "ఎవరికి ఏం అప్పజెప్పాలి". ఆవకాయ కొలతలు చెప్పమంటే పెద్దావిడ పావుగంట మాట్లాడుతుంది, మధ్యలో కోడలికి చెప్పాల్సినదీ వచ్చేస్తుంది. "మీ మనసులోని భావాలు చెప్పండి" అని అడిగితే "ఏముంది చెప్పడానికి" అని అటు తిరుగుతుంది. ఈ ఖాళీలు ఆ ఇంటివాళ్ళే నింపేలా వదిలేయండి. మీరు ముందే రాసిపెట్టిన వాక్యాలు ఏ ఇంటికీ అతకవు.

ఇక వేళ. ఈ తప్పు దాదాపు అందరూ చేస్తారు. కాల్‌లో మెలకువగా ఉండాలని నొప్పి మందు ఒక డోసు ఆపేస్తారు. దానివల్ల కాల్ మొత్తం మూలుగులే వినిపిస్తాయి, అవతల కొడుక్కి అదే చివరి జ్ఞాపకంగా మిగులుతుంది. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ అరగంటలో పనిచేయడం మొదలుపెట్టి సుమారు గంటకి పూర్తిగా అందుకుంటుంది. డోసు వేళకే ఇచ్చి, గంట తర్వాత కాల్ పెట్టండి. మరీ మగతగా ఉంటే డాక్టరుతో మాట్లాడి వేళ జరపాలి గానీ, ఇంట్లోవాళ్ళు డోసు ఆపకూడదు.

సాయంత్రానికి తికమక పెరిగే రోగులు ఎక్కువ, కాబట్టి పొద్దున మేలు. ఇక్కడ ఉదయం 7:30 అయితే డాలస్‌లో ముందురోజు రాత్రి 9, చలికాలం 8. దుబాయ్‌లో తెల్లవారి 6. ముగ్గురికీ కుదిరే వేళ దాదాపు అదొక్కటే. మీ యాప్‌లో "ఎప్పుడు కాల్ చేయాలి" అని అడిగే బదులు ఈ లెక్క మీరే చేసి చూపించండి.

మంచం దగ్గర చేయాల్సినవి: తలవైపు కొంచెం, 30 డిగ్రీల దాకా ఎత్తాలి. కళ్ళజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్ళు పెట్టాలి. వీటిని మర్చిపోయి "నాన్న స్పందించట్లేదు" అనుకునేవాళ్ళు చాలామంది. ట్యాబ్ కంటికి ఎదురుగా మూరెడు దూరంలో ఉండాలి. పక్కనుంచి మెడ తిప్పి చూసేలా పెడితే రెండు నిమిషాల్లో అలసిపోతారు. వెనక కిటికీ ఉంటే అవతలివాళ్ళకి నల్లటి నీడ తప్ప ముఖం కనపడదు. ఫ్యాను, టీవీ ఆపాలి. అదే గదిలో ఇంకో ఫోను అదే కాల్‌లో ఉంటే కీచుమని మోగుతుంది, దాన్ని గది బయటికి పంపండి.

పది నిమిషాలు చాలు. ఒకసారికి ఒకరే మాట్లాడాలి, మాట్లాడే ముందు తాము ఎవరో తామే చెప్పాలి: "నాన్నా, నేను చిన్నోణ్ణి." "నన్ను గుర్తుపట్టావా, నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టనివ్వకండి. పేరు గుర్తురాని ఆ క్షణం ఇద్దరికీ నరకం. కాల్ కలిసే ముందు అవతలి తెరమీద ఈ రెండు సూచనలు (ముందు మీరెవరో చెప్పండి, గుర్తుపట్టమని పరీక్ష పెట్టకండి) చూపించగలిగితే, మీ యాప్ చేసే అతి పెద్ద మేలు అదే.

---

వర్ణమాల

కీబోర్డు ఎందుకు పనిచేయలేదో నేను చెప్తాను. తెలుగులో "నీళ్ళు" కొట్టాలంటే న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, మళ్ళీ ళ, కొమ్ము, అంటే ఆరు నొక్కులు. వేలు కదపడమే గగనమైన మనిషికి ఆరు గురిపెట్టిన నొక్కులంటే ఆరు మెట్లెక్కడమే. పైగా చర్మం ఎండిపోయి, చేయి చల్లబడి ఉన్నప్పుడు టచ్ తెర వేలిని గుర్తించదు. నీరు పట్టి వాచిన వేళ్ళయితే పక్క అక్షరం పడుతుంది.

కాబట్టి తెర కాదు, ముందు కాగితం. ఒక ఎ3 అట్ట మీద 23 అక్షరాలు, ఐదు వరసలు:

అ ఇ ఉ ఎ ఒ
క గ చ జ
ట డ త ద న
ప బ మ య ర
ల వ స హ

ఒత్తు అక్షరాలు లేవు. ఖ అనాలనుకుంటే క, ధ అనాలనుకుంటే ద. ణ బదులు న, ళ బదులు ల, శ ష రెండింటికీ స. గుణింతాలు, వత్తులు, సున్నా ఏవీ వద్దు, హల్లు ఒక్కటే చూపిస్తే చాలు, వినేవాళ్ళు పూరించుకుంటారు. ఎక్కువ వాడే అక్షరాల్ని ముందుకి జరిపితే ఇంకా వేగం వస్తుంది కదా అని ఇంజనీర్లు తప్పకుండా అడుగుతారు. వద్దు. పెద్దవాళ్ళకి బడిలో వల్లెవేసిన వరస ఒంట్లో ఉంటుంది, క తర్వాత ఏమొస్తుందో చూడకుండా తెలుసు. కొత్త వరస నేర్చుకునే ఓపిక ఇప్పుడు లేదు.

వాడే తీరు: పక్కనున్నవారు ఒక్కో వరస మీద వేలుపెట్టి "అ వరసా? క వరసా? ట వరసా?" అని అడుగుతారు. రోగి అవునన్న వరసలో ఒక్కో అక్షరం చదువుతారు. ఎంత చివరి అక్షరమైనా తొమ్మిది అడుగుల్లో దొరుకుతుంది. "క ట క" వచ్చిందనుకోండి. కిటికీ కావచ్చు, కాటుక కావచ్చు. మంచం మీదున్న పెద్దాయన కాటుక అడగడు గనక "కిటికీ తెరవమంటారా?" అని అడిగి ఖాయం చేసుకోవాలి. "న ల" అంటే నీళ్ళు. మనుషుల పేర్ల దగ్గర మాత్రం ఊహించకండి. "ర మ" అంటే రామూనో రమో రమ్యో తేలదు. పేరు అన్నప్పుడు హల్లు తర్వాత అచ్చుల వరసలోంచి అచ్చు కూడా తీసుకోండి. మాట పూర్తికాకముందే ఊహించి చెప్పడం కొందరికి ఊరట, కొందరికి మాట లాక్కున్నట్టు. ఏది ఇష్టమో మొదటిరోజే అడగాలి.

"అవును"కి కళ్ళు ఆర్పడం పెట్టుకోకండి. ఎండిన కళ్ళకి రెప్పలు వాటంతట అవే పడతాయి, మగతలో కళ్ళు మూతపడతాయి. అవునంటే పైకి చూడటం, కాదంటే కిందికో పక్కకో చూడటం. "కాదు"కి కూడా ఒక సైగ ఉండి తీరాలి. స్పందించకపోతే కాదనుకుంటామంటే, నిద్రపోయిన మనిషి అన్నిటికీ కాదన్నట్టే లెక్క. మొదలుపెట్టే ముందు జవాబు తెలిసిన ప్రశ్నలు నాలుగు అడగండి, రెండిటికి అవును, రెండిటికి కాదు రావాలి. నాలుగూ సరిగా వస్తేనే ముందుకెళ్ళండి. రాకపోతే అది తికమక సమయం, గంట ఆగాలి.

చదువురానివాళ్ళకి ఈ అట్ట పనికిరాదు. వాళ్ళకి ఎనిమిది బొమ్మలు చాలు: నొప్పి, దాహం, ఒత్తిగిలాలి, బాత్‌రూమ్, చలి/ఉక్క, ఊపిరి ఆడట్లేదు, ఫలానావాళ్ళని పిలవండి, ఇక చాలు. ఆ చివరిదాన్ని చాలా బోర్డుల్లో పెట్టరు. ఎనిమిదింటిలో ఎక్కువ అవసరమయ్యేది అదే. చుట్టాలందరూ మంచం చుట్టూ మూగినప్పుడు "ఇక చాలు" అనే హక్కు ఆ మనిషికి ఇంకే దారిలోనూ మిగలదు.

మోటార్ న్యూరాన్ జబ్బులో చేతులు పోయినా చూపు చాలాకాలం నిలుస్తుంది. గూగుల్ వారి "లుక్ టు స్పీక్" ఉచితం, ఆండ్రాయిడ్ ఫోను ముందు కెమెరాతో కుడి, ఎడమ, పైకి చూపుని పట్టుకుంటుంది. అందులో మాటల్ని మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఫోను కంటికి కొంచెం కింద, కదలకుండా బిగించి ఉండాలి. చేత్తో పట్టుకుంటే పనిచేయదు.

---

ఓపస్48

నెట్ వైపు నుంచి.

దుబాయ్ కూతురుందన్నారు, ఆమెకి వాట్సాప్ కాల్ కలవదు. యూఏఈలో మెసేజీలు వెళ్తాయి, వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ ఆపేసి ఉంటాయి. అక్కడివాళ్ళు బోటిమ్ అనే కాలింగ్ యాప్ గానీ, జూమ్, టీమ్స్ గానీ వాడతారు. అందరూ ఒకచోట కలవాలంటే జూమ్. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగ్ తెగిపోతుంది, ఎవరో ఏడుస్తూ మాట్లాడుతున్నప్పుడు తెగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. బృందం పేరున ఒక డబ్బు కట్టిన ఖాతా పెట్టుకోండి.

ఈ యాప్‌లన్నీ చుట్టూ శబ్దం తగ్గించడానికి ఒక ఫిల్టరు వేస్తాయి. అది ఆఫీసు మీటింగుల కోసం చేసినది. గుసగుసలాంటి నీరసపు గొంతుని, ఆక్సిజన్ శబ్దంతో కలిపి "రొద" అనుకుని కోసేస్తుంది. అవతల కొడుక్కి పెదవులు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేస్తే ఆ ఫిల్టరు తొలగుతుంది. మీరే వెబ్‌ఆర్టీసీతో (యాప్‌లలో కాల్స్ నడిపే పద్ధతి) రాస్తుంటే నాయిస్ సప్రెషన్ (రొద కోసే ఫిల్టరు) ఆపండి, ఎకో క్యాన్సిలేషన్ (ప్రతిధ్వని తీసేది) ఉంచండి. ఆటో గెయిన్ (శబ్దాన్ని తనంతట తానే పెంచేది) కూడా ఆపి చూడండి, అది మాటల మధ్య నిశ్శబ్దంలో ఆక్సిజన్ మిషను మోతని పైకి లేపుతుంది.

బ్లూటూత్ స్పీకరు తీసేయండి. పాట వింటే బాగుంటుంది, కాల్ మొదలవగానే అది హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారి మైకు కూడా స్పీకరుదే అయిపోతుంది. నూతిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. పైగా ఆన్ చేసినప్పుడల్లా చెవి పక్కన "కనెక్టెడ్" అని అరుస్తుంది. వైరున్న చిన్న స్పీకరు దిండుకి అటుపక్క జానెడున్నర దూరంలో, వైరున్న కాలర్ మైకు గడ్డానికి బెత్తెడు కింద. మాస్క్ ఉంటే మాస్క్ అంచుకి ఇవతల.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. వీడియో ఫ్రీజ్ అయితే, అవతలివాళ్ళకి ప్రాణం పోయినట్టే కనిపిస్తుంది. చివరి రోజుల్లో ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు, అరనిమిషం కూడా విరామం వస్తుంది. అది ఊపిరి ఆగడమా, నెట్ ఆగడమా అన్నది డాలస్‌లో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? డీకోడ్ అయిన ఫ్రేముల లెక్క రెండు సెకన్లపాటు పెరగకపోతే, బొమ్మని బూడిదరంగు చేసి "సిగ్నల్ ఆగింది, కలుపుతున్నాం" అని పెద్ద అక్షరాలతో వేయండి. నెట్ బాగున్నప్పుడు మూలన సెకన్ల ముల్లు తిరుగుతుండాలి. ఆ ముల్లు ఇవతలి ట్యాబ్‌లో వీడియోలోనే కలిసి రావాలి, అవతలి ఫోన్‌లో తయారైతే దాని వల్ల ఉపయోగం లేదు.

వీడియోని 360పీ, 15 ఫ్రేములు, 300 కేబీపీఎస్ దగ్గర, అంటే తక్కువ నాణ్యతలోనే, కట్టేయండి. ముందు గొంతు, తర్వాతే బొమ్మ. ఇంటి వైఫై మీద నమ్మకం పెట్టుకోకుండా రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు సిద్ధంగా ఉంచండి. ఆస్పత్రి నెట్ అయితే చాలాచోట్ల యూడీపీ (కాల్స్ మామూలుగా వెళ్ళే దారి) మూసేసి ఉంటుంది, టర్న్ సర్వరు (కాల్‌ని మధ్యలో నిలబడి చేరవేసేది) 443 పోర్టు మీద టీఎల్ఎస్‌తో, అంటే వెబ్‌సైట్లు వాడే దారిలో, లేకపోతే కాల్ "కనెక్టింగ్" దగ్గరే నిలిచిపోతుంది.

---

తీగబల్బు

చాలా థ్యాంక్సండి. మెనూ పేర్లు ఈరోజే మారుస్తున్నాం, అట్ట ప్రింటుకిచ్చాం. ఇంకో రెండు సందేహాలు. బటన్ నేరుగా కాల్ చేయడం సరేనా? రికార్డు చేసిన గొంతుతో ఏఐ ద్వారా తర్వాత కూడా మాట్లాడేలా చేయమని ఒక దాత అడుగుతున్నారు, దానిమీద మీ అభిప్రాయం?

---

కాగితంపడవ

బటన్ నేరుగా కాల్ చేయకూడదు. రాత్రి ఒత్తిగిలినప్పుడు నొక్కుకుపోతుంది, కొడుకు ఆఫీసు మీటింగులో ఉండగా నాన్న నుంచి కాల్, ఎత్తితే చీకటి. ఆ కొడుకు గుండె ఆగినంత పనవుతుంది. బటన్ ముందు ఇంట్లో గంట మోగించాలి. పక్కనున్నవాళ్ళు వచ్చి కాల్ కలుపుతారు. ఆ ఒక్క పనికి యాప్ అక్కర్లేదు, బజార్లో దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్ చాలు.

తెరని కూడా నడిపించాలంటే ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుని బ్లూటూత్ కీబోర్డుగా చేసి, ఆండ్రాయిడ్‌లోని స్విచ్ యాక్సెస్‌కి (ఒకటి రెండు బటన్లతోనే తెరని నడిపే సౌకర్యం) కలపండి. ఆటల మిషన్లకి వాడే పెద్ద బటన్ చూడ్డానికి బాగుంటుంది, దాని స్ప్రింగు నీరసపు వేలికి బరువు. పొడవాటి రేకు ఉన్న మైక్రోస్విచ్ తీసుకుని రేకు చివర నొక్కేలా అమర్చండి. పెట్టెకి 3.5 మిల్లీమీటర్ల మోనో సాకెట్ పెట్టండి. వికలాంగుల స్విచ్‌లు చాలావాటికి అదే కొలత, చేయి పోతే మోకాలి స్విచ్, అదీ పోతే చెంప స్విచ్ మార్చుకోవచ్చు. 300 మిల్లీసెకన్లు నొక్కి ఉంచితేనే లెక్క, ఒకసారి నొక్కాక సెకనున్నరపాటు మళ్ళీ నొక్కినా పట్టించుకోకూడదు. చేయి వణికేవాళ్ళకి ఇది లేకపోతే ఒక్క నొక్కు ఐదవుతుంది. ఆక్సిజన్ పెట్టిన మంచం మీద లిథియం బ్యాటరీ దేన్నీ చార్జింగులో ఉంచకండి.

ఏఐ గొంతు గురించి: నా ఓటు వద్దు. ఆ మనిషి అననిదాన్ని ఆయన గొంతుతో అనిపించడం ఇంట్లో ఒకరికి ఓదార్పు, ఇంకొకరికి నిద్రపట్టని రాత్రి. ఆస్తి తగాదా ఉన్న ఇంట్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. రోగి తానే, తెలివిలో ఉండగా, దేనికి ఒప్పుకుంటున్నాడో రాతపూర్వకంగా చెబితే తప్ప ఆ ఊసే ఎత్తకండి.

దానికి బదులు, మోటార్ న్యూరాన్ రోగులకి జబ్బు తేలిన వారంలోనే సొంత గొంతుతో 30, 40 మాటలు రికార్డు చేయించండి. ఇంట్లో ఎప్పుడూ అనే మాటలే: "ఏరా, తిన్నావా", "కాస్త ఆ ఫ్యాను పెంచు", మనవరాలిని పిలిచే ముద్దుపేరు, ఆయన తిట్టే తిట్టు కూడా. మాట ముద్దయ్యాక చేస్తే లాభం లేదు. ఒక్కో మాటని ఒక్కో బటన్‌కి కడితే చాలు. ఆపిల్ వారి పర్సనల్ వాయిస్ 2023లో ఐఓఎస్ 17తో వచ్చినప్పుడు ఇంగ్లీషుకే పరిమితం, తెలుగింటికి అది దారి కాదు. ఆండ్రాయిడ్‌లో తెలుగు చదివే గొంతు ఉంది, రికార్డు చేయని మాటలకి దాన్ని వాడుకోండి.

రికార్డింగు వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్‌లో ఉంచి, దాని కాపీనే వాట్సాప్‌లో పంపండి. "వెంటిలేటరు మీద పెట్టొద్దు" లాంటిది అందులో చెప్పినా అది లివింగ్ విల్ (చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం) అవదు. 2018 మార్చి 9 సుప్రీంకోర్టు తీర్పు, 2023 జనవరి 24న దాన్ని సులభం చేసిన ఉత్తర్వు ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి, ఇద్దరు సాక్షులుండాలి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. రికార్డింగు కింద ఆ సంగతి ఒక వాక్యంలో రాసిపెట్టండి, లేకపోతే ఆస్పత్రిలో ఫోను చూపించి గొడవపడతారు.

---

పడకపక్కన

ఆఖరి రెండు రోజుల గురించి కూడా చెప్పాలి, మీ కిట్ అప్పుడు వేరేలా పనిచేయాలి.

అప్పటికి జవాబు రాదు. కాల్ కాదు, వినిపించడమే. దూరాన ఉన్నవాళ్ళని నిమిషం, నిమిషంన్నర వాయిస్ పంపమనండి, దిండు పక్కన మామూలు మాటల స్థాయిలో పెట్టండి. ఇయర్‌ఫోన్లు వద్దు, ఇరిటేషన్. వినపడుతుందా అని అందరూ అడుగుతారు. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు హాస్పిస్ (చివరి రోజుల సంరక్షణ కేంద్రం) రోగుల మెదడు తరంగాలు కొలిస్తే, స్పృహలేని స్థితిలో, చనిపోవడానికి కొన్ని గంటల ముందు కూడా, కొందరి మెదడు శబ్దంలో మార్పుకి స్పందించింది. అర్థమైందని దానివల్ల తేలదు. ఇంట్లోవాళ్ళకి అంతవరకే చెప్పండి.

గొంతులో గురగుర మైకుకి దగ్గరైతే అవతల భయంకరంగా వినిపిస్తుంది. మింగలేని ఉమ్మి అక్కడ నిలవడం వల్ల వచ్చే శబ్దం అది, రోగికి సాధారణంగా బాధ తెలియదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మైకు ఛాతీ దగ్గరికి దించండి. ఈ ముక్క అవతలివాళ్ళకి కాల్‌కి ముందే చెప్పాలి, విన్నాక చెప్తే నమ్మరు.

దూరాన ఉన్నవాళ్ళు వీడియోలో "నా పేరున తులసి తీర్థం పొయ్యండి" అని అడుగుతారు. మింగలేని మనిషి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గుతో ఉక్కిరిబిక్కిరవుతారు, అదంతా తెరమీద చూస్తుంటారు. శుభ్రమైన దూదిని తీర్థంలో ముంచి పిండి, పెదవులు, నాలుక తడిపితే చాలు. కలిమా చదివే ఇంట్లో, ప్రార్థన చేసే ఇంట్లో ఫోను చెవి దగ్గరికి జరిపి, కెమెరా పైకప్పుకి తిప్పేయండి. అందరికీ ముఖం చూడాలనే ఉండదు, అడగడానికి మొహమాటపడతారు. "గొంతు మాత్రమే" అని ఒక పెద్ద బటన్ అవతలివాళ్ళ తెరమీద ఉండాలి.

---

కాగితంపడవ

ఒకటి మర్చిపోయాను. కిట్ వెనక్కి వచ్చే రోజు. మర్నాడే తెచ్చి, తుడిచి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఇంకో ఇంటికి పంపుతారు, రికార్డింగులు అందులోనే పోతాయి. ఆ ఇంట్లో ఒక మనిషి తన సొంత ఫోన్‌లో ఫైలు తెరిచి విన్నాక, చెక్‌లిస్టులో ఆ గడి నిండాకే రీసెట్. పెద్దకర్మ అయ్యేదాకా ఎవరికీ ఫోను తెరిచే తీరిక ఉండదు కాబట్టి 20 రోజులు గడువు పెట్టుకోండి, ట్యాబ్‌లు కిట్‌కి రెండు చొప్పున కొనుక్కోండి.

పెద్దాయన సిమ్‌కి రీచార్జ్ ఆపొద్దని కూడా చెప్పండి. నంబరు రద్దయితే గడువు తర్వాత ఇంకొకరికి వెళ్ళిపోతుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు, రెండేళ్ళు తెరవని గూగుల్ ఖాతాని తొలగించే నియమమూ ఉంది. ఆయన బతికుండగానే గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ (ఖాతా వాడకం ఆగిపోతే అందులోవి ఎవరికి అందాలో చెప్పే సెట్టింగు) పెట్టిస్తే పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఐఫోన్ అయితే అలాంటిదే లెగసీ కాంటాక్ట్. నర్సు మొదటిసారి ఇంటికి వెళ్ళిన రోజు, ఆవకాయ కొలతలకి ముందే, పది నిమిషాల్లో అయిపోయే పని.